ఆవిడ చీటీ చెల్లదు

ఆ వీధిలో ఆవిడని అందరూ కళ్ళజోళ్ళ డాక్టరమ్మ అంటారు. "డాక్టర్ని కాదండీ, ఆప్టోమెట్రిస్టుని" అని ఆవిడ ఇరవై రెండేళ్ళుగా దిద్దుతూనే ఉంది. ఎదుటివాళ్ళు బుద్ధిగా తల ఊపి, "అలాగే డాక్టరమ్మా" అని లేచి వెళ్ళిపోతారు. మనలో మాట, ఆ పేరు పలకాలంటే నాలుకని నాలుగు వంకలు తిప్పాలి. ఎవరికంత తీరిక?

పనేమిటో చెప్పేస్తే గొడవ వదిలిపోతుంది. ఆవిడ కన్ను కొయ్యదు, కుట్టదు. చూపు ఎంతుందో కొలుస్తుంది. చిన్న దీపం పట్టుకుని కంటి లోపలికి తొంగి చూస్తుంది. కావలసినవాళ్ళకి జోడు రాస్తుంది. లోపల జబ్బు కనిపిస్తే పెద్దాసుపత్రికి వెళ్ళమని చీటీ రాస్తుంది. ఇదిగో, ఈ చీటీ దగ్గరే వచ్చింది తంటా. పెద్దాసుపత్రి కౌంటరులో ఆవిడ చీటీ చెల్లదు. వైద్యుడి చీటీ ఉంటేనే పేరు ఎక్కించుకుంటారు. అంచేత కంట్లో జబ్బు కనిపెట్టిన మనిషి, ఆ రోగిని వీధి చివర జ్వరాలకీ దగ్గులకీ మందులిచ్చే డాక్టరుగారి దగ్గరికి పంపాలి. ఆయన ఆవిడ రాసింది చూసి, తన మాటల్లో తిరగరాసి, సంతకం పెట్టాలి. ఆయన ఊళ్ళో లేకపోతే వచ్చేదాకా కన్ను ఆగాలి. కళ్ళకేం తెలుసు రూళ్ళు? అవి ఆగవు.

ఆ రూలు మార్పించాలని ఆవిడ తొమ్మిదేళ్ళుగా తిరుగుతోంది. ఆప్టోమెట్రిస్టుల సంఘానికి ఆవిడే అధ్యక్షురాలు. సంఘం అంటే ఏదో అనుకునేరు. నూట పద్నాలుగు మంది సభ్యులు, ఒక రబ్బరు స్టాంపు, మీటింగుకి వచ్చేవాళ్ళు పదకొండు మంది. "మీరే ఉండండి మేడమ్, మీరైతేనే గట్టిగా మాట్లాడతారు" అని ప్రతి ఎన్నికలోనూ ఆవిడ నెత్తిన పెట్టేసి చల్లగా జారుకుంటారు. ఆవిడ మాట్లాడుతుంది కూడా. ఆరోగ్య శాఖ ఆఫీసు మెట్లన్నీ ఆవిడకి తెలుసు, అందులో విరిగిన మెట్టేదో కూడా తెలుసు. కాళ్ళరిగేలా తిరిగింది. ఈలోగా నలుగురు అధికారులు మారారు. నలుగురూ కుర్చీ వేయించి, "చాలా న్యాయమైన కోరికండీ" అన్నారు. ఐదో ఆయన కుర్చీ వేయించలేదు గానీ కమిటీ వేశాడు.

ఇంట్లో ఈ సంగతి మీద సాగే వెక్కిరింతలకి అంతుండేది కాదు. వెక్కిరించేది పిన్ని. ఆవిడ తల్లికి చెల్లెలు. తల్లి పోయినప్పుడు ఆరేళ్ళ పిల్లని చెయ్యి పట్టుకుని తెచ్చుకుని పెంచింది, చదివించింది, ఆఖరికి ఆ పిల్ల పెట్టుకున్న గదిలోనే బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం మొదలుపెట్టింది. "మీ అమ్మాయికి పెళ్ళెందుకు చెయ్యలేదండీ?" అని బెంచీ మీద ఎవరైనా అడిగితే, "కమిటీ ఇంకా నిర్ణయం తీసుకోలేదు" అని జవాబిచ్చేది. లోపల్నుంచి "పిన్నీ!" అని కేక వినిపించేది. బెంచీ అంతా నవ్వేది.

ఆ గదులు రెండూ ఇస్త్రీ కొట్టుకీ తాళాలు బాగుచేసే అతని బల్లకీ మధ్యన ఇరుక్కుని ఉంటాయి. ముందు గదిలో బెంచీ, జోళ్ళ బీరువా, పిన్ని బల్ల. వెనక గది పొడవు పదడుగులు. చూపు కొలవాలంటే ఇరవై అడుగుల దూరం కావాలి. అందుకని ఇరుకు గదుల్లో ఈ పనివాళ్ళు చేసే ఏర్పాటే ఆవిడా చేసుకుంది. రోగి తల వెనక గోడకి తిరగేసి అచ్చేసిన అక్షరాల చార్టు, ఎదురు గోడకి అద్దం. అద్దంలో చూసి చదవాలి. ఇరవై రెండేళ్ళుగా అదే చార్టు. అంచులు పసుపెక్కినప్పుడు కొత్తది తెప్పించింది గానీ, దాని మీదా అవే అక్షరాలు. చివరి వరస గ, ర, ప, వ, న.

రెండు గదుల మధ్యా ఉన్నది ఒక కర్టెను. రోజుకి పాతిక మంది ఆ వరసలు చదువుతుంటే పిన్ని చెవిన పడకుండా ఎలా ఉంటాయి? లోపల ఎవరైనా "గ... ర... ప..." అని నట్టుతుంటే, "వ, న! కానివ్వండి బాబూ, ఇక్కడ నలుగురున్నారు" అని బయటి నుంచి అందించేది. "నువ్వు చెప్పేస్తే నేనేం కొలవను పిన్నీ?" అని ఆవిడ తల పట్టుకునేది. అదొక రోజువారీ తమాషా అయిపోయింది.

ఏటా ఒకసారి జనం పల్చగా ఉన్న మధ్యాహ్నం చూసి ఆవిడ పిన్నిని కూడా ఆ కుర్చీలో కూర్చోబెట్టేది. ఒక కన్ను మూసి అడిగీ అడగకముందే పిన్ని చివరి వరస గడగడా అప్పజెప్పేది. రెండో కంటికీ అంతే. "అరవై ఎనిమిదేళ్ళకి ఈ చూపేంటి పిన్నీ, నాక్కూడా లేదు" అని ఆవిడ మురిసిపోయేది. చుక్కలు వేసి లోపల కూడా చూస్తానంటే, "ఆ చుక్కలేస్తే సాయంత్రం దాకా ఓ ముక్క రాయలేను, వద్దు తల్లీ" అని పిన్ని లేచిపోయేది. చదివేసిందిగా, చాల్లే అనుకునేది ఆవిడ. బయటివాళ్ళని ఎవరినీ అలా వదిలేది కాదు, సొంత మనిషి కాబట్టి వదిలేసింది. ఎంత తెలివైనవాళ్ళకైనా ఇంట్లోవాళ్ళ దగ్గర ఆ తెలివి ఎటు పోతుందో నాకైతే ఈనాటికీ అర్థం కాదు.

కమిటీ ఒక శుక్రవారం కూర్చుంటుందని ఉత్తరం వచ్చింది. తొమ్మిదేళ్ళకి! ఆవిడకి కాళ్ళు నేల మీద నిలవలేదు. దానికి ముందు ఆదివారం నాడు సంఘం కార్యదర్శి వచ్చాడు. బట్టతల మనిషి, పక్క పేటలో ఇలాంటి గదే నడుపుతాడు. చంకలో కొత్త చార్టు ఒకటి చుట్టి తెచ్చాడు. కమిటీవాళ్ళ కళ్ళెదుటే ఒకరిని పరీక్షించి, ఐదు నిమిషాల్లో జబ్బు ఎలా పట్టుకుంటామో చూపించాలని వాళ్ళ ఆలోచన. దానికి ముందుగా ఓసారి చేసి చూసుకోవాలి. రోగిగా ఎవరు? పిన్ని ఉండనే ఉంది.

ఆ చార్టుని ముందు గది గోడకి తగిలించి, పిన్నిని వెనక గది చివర కుర్చీలో కూర్చోబెట్టి, కర్టెను పక్కకి తీసి కట్టారు. కార్యదర్శి చేతి గడియారం చూసుకున్నాడు. ఆవిడ పిన్ని కుడి కన్ను మూసి, "చివరి వరస చదవండమ్మా" అంది, కమిటీ ముందు అన్నట్టే మర్యాదగా.

"గ, ర, ప, వ, న" అంది పిన్ని.

కార్యదర్శి ఫక్కున నవ్వాడు. "అమ్మగారు భలే ఆట పట్టిస్తున్నారే!" కొత్త చార్టు చివరి వరసలో ఆ అక్షరాలేవీ లేవు మరి. ఆవిడ కూడా నవ్వింది. "వేళాకోళం చాలు పిన్నీ. అక్కడున్నది చదువు."

"చదివానుగా."

"సరే, దాని పై వరస."

పిన్ని పై వరస చదివింది. పాత చార్టు పై వరస, ఒక్క అక్షరం పొల్లు పోకుండా. ఆవిడ నవ్వు ఆగిపోయింది. చార్టు దగ్గరికి వెళ్ళి అన్నిటికన్నా పైనున్న పెద్ద అక్షరం మీద వేలు పెట్టింది. అది అరచెయ్యంత ఉంటుంది.

"ఇదేమిటి పిన్నీ?"

పిన్ని మెడ కాస్త పక్కకి తిప్పింది. తర్వాత, "మధ్యలో మబ్బు పట్టినట్టుందే. కాస్త పక్కకి చూస్తే నీ చెయ్యి కనిపిస్తోంది" అంది.

"ఎప్పట్నుంచి?"

"ఏమో. ఈ కన్నొక్కటే తెరుచుకుని ఎవరు చూస్తారే, నీ కుర్చీలో తప్ప?"

"మరి ఏటా చదివావు కదా!"

"నాకొచ్చు కదా" అంది పిన్ని, తప్పు చేసిన పిల్లలా. "నువ్వడిగింది అక్షరాలే కదమ్మా. కనిపిస్తున్నాయా అని ఎప్పుడడిగావు?"

కార్యదర్శి గడియారం చూసుకోవడం మానేసి గుమ్మం వైపు చూడటం మొదలుపెట్టాడు. ఆవిడ గళ్ళ కాగితం తీసి పిన్ని కుడి కంటికి ఎదురుగా పట్టుకుంది. నిలువు గీతలూ అడ్డగీతలూ, మధ్యలో ఒక చుక్క, అంతే. బాగున్న కంటికి ఆ గీతలన్నీ తిన్నగా కనిపిస్తాయి. "చుక్క పక్కన గీతలు వంకర తిరిగాయి. కాగితం తడిసిందా ఏంటి?" అంది పిన్ని. కాగితం తడవలేదు. నాలుగు రోజులుగా గుమ్మం కూడా వంకరగా కనిపిస్తోందని, ఇస్త్రీ కొట్టువాడు గోడని గుద్దేశాడేమో అనుకున్నానని కూడా అప్పుడే చెప్పింది. కమిటీ హడావిడిలో ఉన్న పిల్లకి ఇవన్నీ ఎందుకని ఊరుకుందట.

ఆ రోజు చుక్కలు వేస్తానంటే పిన్ని వద్దనలేదు. ఎడమ కంట్లో, చూపుకి నట్టనడుమ, ఏళ్ళ కిందటే కట్టేసిన మచ్చ ఉంది. కుడి కంట్లో అదే చోట కొత్తగా నెత్తురు చిమ్మింది. ఆ జబ్బు సంగతి ఆవిడకి క్షుణ్ణంగా తెలుసు. మొదటి వారం పది రోజుల్లో కంట్లోకి ఇచ్చే సూది మందు పడితే ఆగుతుంది. లేటయితే మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన చోట చూపు మరి రాదు. ఎదుట ఉన్న మనిషి జుట్టు కనిపిస్తుంది, భుజాలు కనిపిస్తాయి, మొహం కనిపించదు. ఆ సూది మందు చుట్టుపక్కల పెద్దాసుపత్రిలో తప్ప ఇంకెక్కడా ఇవ్వరు. అప్పటికే నాలుగు రోజులైపోయాయి.

సోమవారం పొద్దున్నే తలుపులు తీసేసరికి ఇద్దరూ పెద్దాసుపత్రి కౌంటరు దగ్గరున్నారు. చెల్లదని తెలిసీ ఆవిడ తన చీటీయే రాసుకుని వెళ్ళింది. కౌంటరులో అమ్మాయి చీటీ చూసి, ఆవిడ మొహం చూసి, గొంతు తగ్గించింది. "మేడమ్, మీరు ఆ సంఘం మేడమ్ కదా? మీకు తెలియని రూలా చెప్పండి. నేను ఎక్కించినా కంప్యూటర్ తీసుకోదు. డాక్టరు నంబరు అడుగుతుంది."

అత్యవసర విభాగానికి వెళ్ళారు. అక్కడ నర్సు మంచి మనిషి. పిన్ని చెయ్యి పట్టుకుని, "కంట్లో నొప్పుందా అమ్మా? దెబ్బేమైనా తగిలిందా?" అని అడిగింది. ఆ రెండింటిలో ఏదో ఒకటి ఉంటేనే లోపలికి పంపుతారు. పిన్ని వెనకాల నిలబడి ఆవిడ మనసులో దండాలు పెట్టుకుంది, ఉందని చెప్పు పిన్నీ, ఒక్క అబద్ధం చెప్పు అని.

"నొప్పా? అబ్బే, ఏమీ లేదు తల్లీ. హాయిగా ఉంది" అంది పిన్ని.

ఆవిడని ఎరిగిన డాక్టరు జ్వరాల డాక్టరుగారొక్కరే. ఆయన ఊళ్ళో లేరు, బుధవారం వచ్చారు. ఆయన్ని తిట్టిపోద్దామంటే అదీ కుదరదు. ఆయనా మంచివాడే. ఆవిడ చీటీ రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నెత్తురు చిమ్మింది, వెంటనే చూడండి అని రాయమంటున్నావు. ఎలా రాయనమ్మా? కంటి లోపలికి చూసే పరికరమే నా దగ్గర లేదు. నేను చూడంది చూశానని సంతకం పెట్టలేను. ఇన్నేళ్ళలో ఎవరికీ పెట్టలేదు, నీకు తెలుసు." ఆవిడకి తెలుసు. "నేను చూశాను కదండీ!" అని ఎంత మొత్తుకున్నా ఆయన తనకి తెలిసిన నిజమే రాశాడు. 'వయసు రీత్యా చూపు మందగించింది. పరీక్షించగలరు.' ఆ రెండు ముక్కలూ చూసి పెద్దాసుపత్రి కంప్యూటర్ పంతొమ్మిది రోజుల తర్వాతకి తేదీ ఇచ్చింది.

ఇన్నాళ్ళూ వినతిపత్రాల్లో ఆవిడ మొత్తుకున్నది దీని గురించే. అసలు మాట చేతులు మారేసరికి నీరుగారిపోతుందని ముప్ఫై ఒక్క మంది రోగుల కాగితాలు జతచేసి మరీ రాసింది. ఇప్పుడు ముప్ఫై రెండో కాగితం ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఉంది.

గురువారం కార్యదర్శి ఫోన్ చేశాడు. ముందు పిన్నిగారెలా ఉన్నారని అడిగాడు. తర్వాత అసలు సంగతికొచ్చాడు. "మేడమ్, తప్పుగా అనుకోకండి. రేపు అక్కడ అమ్మగారి మాట ఎత్తకండి. ఎత్తితే ఎడమ కన్ను సంగతి కూడా వస్తుంది. అధ్యక్షురాలే సొంత పిన్ని కన్ను పోయిందని ఏళ్ళ తరబడి కనిపెట్టలేకపోయింది, ఇక మిగతావాళ్ళ చీటీలు మేం నమ్మాలా అంటారు. మనం మునిగిపోతాం." ఆవిడ సరేనంది. తర్వాత గోడకున్న పాత చార్టుని పీకి ముక్కముక్కలుగా చింపేసింది. చింపుతూ ఏడ్చింది. పిన్ని బల్ల దగ్గర్నుంచి, "ఏంటే ఆ చప్పుడు?" అని అడిగింది. "ఏం లేదు పిన్నీ, చెత్త" అంది ఆవిడ.

శుక్రవారం ఇంట్లో ఉండమంటే పిన్ని వినలేదు. "తొమ్మిదేళ్ళు నీ కాగితాలకి పిన్నులు కొట్టింది నేను. ఇవాళ రాకపోతే ఎలా?" అని మంచి చీర కట్టుకుని బయల్దేరింది. ఆరోగ్య శాఖ మూడో అంతస్తు, పొడుగాటి బల్ల, ఐదుగురు పెద్దలు. నడుమ అధ్యక్ష స్థానంలో ఐదో అధికారి, ఆయన పక్కన పెద్దాసుపత్రి కంటి విభాగం పెద్దాయన. గోడవారగా వేసిన కుర్చీల్లో కార్యదర్శి, పిన్ని. కళ్ళెదుట పరీక్ష చేసి చూపించే ఆలోచన ఆదివారమే మానేశారు.

ఆవిడ బాగా మాట్లాడింది. అది మాత్రం ఒప్పుకోవాలి. ఇంట్లో ఇంత జరుగుతూ ఉండగా కూడా ఒక్క ముక్క వదిలిపెట్టలేదు. కంటి విభాగం పెద్దాయన కాగితాలన్నీ తిప్పి చూసి తల పైకెత్తాడు.

"మేడమ్, ఈ ముప్ఫై ఒక్కటీ కాగితాలు. పేర్లు లేవు. ఆలస్యం మీ చీటీ చెల్లక జరిగిందో, రోగి బద్ధకం వల్ల జరిగిందో నాకెలా తెలుస్తుంది? ఒక్క మనిషిని చూపించండి. ఇదిగో, ఈ మనిషికి నేను చీటీ రాశాను, చెల్లలేదు, కన్ను పోతోంది అని. నాతో మాట్లాడించండి. నేనే మీ పక్కన సంతకం పెడతాను."

గోడవార కుర్చీ కిర్రుమంది. పిన్ని లేచి నిలబడింది. ఆవిడ కంగారుగా తల అడ్డంగా ఊపింది, వద్దు, కూర్చో అని. కానీ పిన్నికి ఆ మొహమే సరిగ్గా కనిపించడం లేదు, ఇక సైగ ఎలా కనిపిస్తుంది? పిన్ని చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఒక అడుగు ముందుకేసింది.

"ఎవరండీ ఆవిడ?" అని అడిగాడు అధికారి.

ఆవిడకి తొమ్మిదేళ్ళూ కళ్ళ ముందు తిరిగాయి. నూట పద్నాలుగు మందీ గుర్తొచ్చారు. ఎడమ కంటి మచ్చ గుర్తొచ్చింది. భయపడింది, ఇంకేమీ కాదు. భయంతో నోట్లోంచి మాట తన్నుకొచ్చేసింది.

"మా పిన్నండీ. ఊరికే నాకు తోడొచ్చింది."

పిన్ని ఆగిపోయింది. "అవును బాబూ, ఊరికే వచ్చాను. కాళ్ళు పట్టేస్తే లేచాను" అంది. కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాచి తడుముకుంటుంటే కార్యదర్శి పట్టుకుని కూర్చోబెట్టాడు.

కమిటీ ఆ కోరికని తోసెయ్యలేదు. తోసేస్తే తిట్టుకోవడానికైనా ఉండేది. ప్రత్యక్ష సాక్షులతో మళ్ళీ రమ్మని, వచ్చే సమావేశం తేదీ తర్వాత తెలియజేస్తామని రాసుకుని, టీలు తాగి లేచిపోయారు.

ఆవిడ పరిగెత్తుకుంటూ వెళ్ళి లిఫ్టు దగ్గర కంటి విభాగం పెద్దాయన్ని పట్టుకుంది. ఎవరని చెప్పకుండా, తనకి తెలిసిన మనిషి ఒకరున్నారని, కంట్లో నెత్తురు చిమ్మిందని, తేదీ చాలా దూరం వేశారని, దయచేసి రేపే చూడమని బతిమాలింది. జీవితంలో ఆవిడ ఎవరినీ అలా బతిమాలి ఎరగదు.

పెద్దాయన ఆవిడ వైపు వింతగా చూశాడు. "తేదీ ఇచ్చేశాక నేను వేలు పెట్టకూడదు మేడమ్. పలుకుబడి ఉన్నవాళ్ళని వరస తప్పించి చూస్తున్నారు, అది ఆపాలి అని రాసింది మీరే కదా? మీ వినతిపత్రం నాలుగో పేజీలో. ఆ పేజీ చదివాకే, ఎవరు చెప్పినా వరస తప్పించొద్దని మా వాళ్ళకి గట్టిగా చెప్పాను. అందులో మీ మాటే నిజం." లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

బస్సులో పిన్ని కిటికీ పక్కన కూర్చుంది. నాలుగు స్టాపులు దాటాక అడిగింది.

"నన్ను చెప్పనివ్వలేదేమే?"

"చెప్తే ఎడమ కన్ను సంగతి అడుగుతారు పిన్నీ."

"అడిగితే నీ పరువు పోతుందనా, సంఘం పోతుందనా?"

"రెండూనూ."

"ఊఁ" అంది పిన్ని. "మంచిపనే చేశావులే. వాళ్ళ మొహాలు చూడు, గోడల్లా ఉన్నాయి. చెప్పినా ఒరిగేదేమీ లేదు" అంది. ఆ మొహాలు పిన్నికి కనిపించలేదని ఇద్దరికీ తెలుసు. ఆవిడ పిన్ని భుజం మీద తల పెట్టుకుని, జనం చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చింది. పిన్ని ఆ తల నిమురుతూ, "ఊరుకో పిల్లా, టిక్కెట్టతను నేనేదో నిన్ను కొట్టాననుకుంటాడు" అంది.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో ఎవరికి చెప్పుకుంటుంది? పొద్దున్న గదులు తెరవగానే ఆవిడ గళ్ళ కాగితం పట్టుకునేది. ఒకరోజు వంకర గీతలు మాయమై ఆ చోట బూడిద రంగు మచ్చ వచ్చింది. రూపాయి బిళ్ళంత ఉందంది పిన్ని. వారానికి అరచెయ్యంత అయింది. ఆవిడకి ఆ జబ్బు పేరు తెలుసు, అది నడిచే దారి తెలుసు, ఆపే మందు ఏ భవనంలో ఏ అంతస్తులో ఉందో తెలుసు. ఏటా నలభై మందికి చెప్పే జాగ్రత్తలన్నీ తెలుసు. రోజూ దీపం పట్టుకుని, పెంచిన మనిషి చూపు పోతుంటే లోపలికి చూస్తూ కూర్చుంది. మొహమెరగని మరో ఇద్దరు డాక్టర్ల కాళ్ళు పట్టుకుంది. ఒకాయన సంతకం పెట్టాడు గానీ, ఒక మనిషికి ఒకసారి తేదీ ఇచ్చాక రెండో చీటీ ఎక్కదని కౌంటరులో చెప్పారు. మొదటిది రద్దు చేస్తే కొత్త తేదీ ఇంకా వెనక్కి పోతుందట.

పిన్ని బల్ల దగ్గర పేర్లు రాయడం మానలేదు. కానీ ఒక పేరు మీద ఇంకో పేరు పడేది. వచ్చినవాళ్ళే పుస్తకం తమ వైపు తిప్పుకుని రాసుకోవడం మొదలుపెట్టారు. లోపల కొత్త చార్టు చదువుతుంటే బయటి నుంచి ఎవరూ అందించడం లేదు. "అమ్మగారికి ఒంట్లో బాగాలేదా?" అని ఇస్త్రీ కొట్టతను అడిగితే, "గొంతు పట్టేసింది" అంది పిన్ని.

పంతొమ్మిదో రోజు పెద్దాసుపత్రిలో వాళ్ళని చూసినవాడు చిన్న డాక్టరు, కొత్తగా వచ్చినవాడు. సంఘం సంగతీ, కమిటీ సంగతీ అతనికేమీ తెలియవు. రెండు కళ్ళూ చాలాసేపు చూశాడు. లేచి లైటు వేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. చెడ్డ మాట చెప్పేముందు డాక్టర్లు అలా దగ్గరికి జరుగుతారని ఆవిడకి తెలుసు.

"అమ్మా, కుడి కంట్లో మచ్చ కట్టేసింది. సూది మందు ఇస్తాను, ఇంకా పెద్దది కాకుండా పనికొస్తుంది. పోయింది మాత్రం తేలేం. రెండు మూడు వారాల ముందు వచ్చుంటే చాలా మటుకు నిలబడేది." కాగితం మీద రాసుకుంటూ తనలో తనే విసుక్కున్నాడు. "ఎడమది పోయి ఏళ్ళయింది. అన్నేళ్ళూ ఒక్కరైనా చూడలేదా? మీ ఇంటి దగ్గర కళ్ళు పరీక్ష చేసేవాళ్ళెవరూ లేరా అమ్మా?"

ఆవిడ నోరు తెరిచింది. ఈలోపే పిన్ని చెయ్యి వచ్చి ఆవిడ మణికట్టుని గట్టిగా పట్టుకుంది.

"లేరు బాబూ" అంది పిన్ని. "మా వైపు ఎవరూ లేరు."

"అదే నేననుకున్నాను" అని డాక్టరు ఆ మాట కూడా కాగితం మీద రాశాడు. రాయడం అయ్యాక ఆవిడ వైపు తిరిగాడు. "మీరు అమ్మాయా? ఇకమీదట అమ్మగారికి ఎవరో ఒకరు ఎప్పుడూ పక్కనుండాలి. మీరేం చేస్తుంటారు?"

పిన్ని వేళ్ళు ఇంకా మణికట్టు మీదే ఉన్నాయి. ఆవిడ వాటిని విడిపించుకోలేదు.

"కళ్ళు పరీక్ష చేస్తానండీ" అంది.